మహానగరములను తీసివేసి చూచిన రాష్ట్రముల జనసంఖ్య



జనసంఖ్యనుబట్టి మన దేశమునందలి రాష్ట్రములకొక పెద్దచిన్నల వరుస కలదు. 2011 జనగణనము ప్రకారము ఉత్తరప్రదేశము మొదటిది, మహారాష్ట్రము రెండవది, బీహారు మూడవది. ప్రతి రాష్ట్రమునుండియు అందలి మిక్కిలి పెద్ద నగరమును, దానితో కలిసిపోయిన చుట్టుపట్ల యూళ్లతో సహా, లెక్కలోనుండి తొలగించినచో ఈ వరుస యిట్లే నిలుచునా? ఇది ప్రొద్దుపోక అడిగిన ప్రశ్న వలె తోపవచ్చును. కాని ఇట్టి తీసివేత ఆంధ్రులకు 1953లో కాగితముమీద గాక నేలమీదనే జరిగినది. కావున ముందు ఆ కథ చెప్పి, పిమ్మట లెక్కకు వచ్చెదను.

1881లో దేశమంతటను ఒక్కమారుగా జనులను లెక్కించినప్పుడు చెన్నపట్టణమున నున్నవారు 4 లక్షల పైచిలుకు. మదరాసు రాజధాని మొత్తమున 3 కోట్లకు పైబడి యుండిరి. నూరుగురిలో నించుమించు ఒక్కడే పట్టణవాసి. ఆనాడు ఆ పట్టణమును లెక్కనుండి తీసివేసిన వచ్చు లోటు గాదెలోనుండి దోసెడు గింజలు తీసినట్టిది. 2011 నాటికి తమిళనాటి జనము 7 కోట్ల 21 లక్షలు. చెన్నపట్టణము తన పరిసరములతో 86 లక్షలు. ఇప్పుడు ఎనిమిదిమందిలో ఒకడు అచ్చటివాడే.

ఈ రెండు లెక్కలకు నడుమ మన రాష్ట్ర విభజనము వచ్చినది. 1949లో జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభభాయి పటేలు, పట్టాభి సీతారామయ్య గారలతో కూడిన సంఘము ఆంధ్రులు చెన్నపట్టణముపై హక్కు వదలుకొనవలెనని చెప్పినది. 1952 డిసెంబరు 15వ తేదీని పొట్టి శ్రీరాములుగారు నిరశనవ్రతమున అసువులు బాసిరి. 1953 అక్టోబరు 1వ తేదీని కర్నూలు ముఖ్యపట్టణముగా ఆంధ్రరాష్ట్రము వెలసినది. రాష్ట్రము వచ్చెను, పట్టణము రాలేదు. 1951 లెక్కనుబట్టి చెన్నపట్టణ జనము 14 లక్షలు. కొత్త రాష్ట్రమున జనము రెండు కోట్లకు పైమాటయే గాని, అందు మిక్కిలి పెద్దదగు విజయవాడలో ఉన్నది లక్షా అరువది వేలమంది. రెండు కోట్ల యెదుట 14 లక్షలెంత? అంకెలలో చూచిన స్వల్పమే. ఐనను హైకోర్టు, పెక్కు పత్రికా కార్యాలయములు, అచ్చుకూటములు ఆ స్వల్పభాగముననే యుండెను. కర్నూలున కచేరీలకు గుడారములు వేయవలసి వచ్చినది. హైకోర్టును 1954లో గుంటూరున నెలకొల్పుకొంటిమి. తలల లెక్కలో కనబడని లోటు దస్త్రములు మోసికొనిపోయిన గుమాస్తాలకు కనబడినది.

ఇక 2011 అంకెలతో తీసివేత చేసి చూతము. మహారాష్ట్ర జనము 11 కోట్ల 24 లక్షలు. అందు ముంబయి పరిసరములతో కోటి 84 లక్షలు, అనగా ఆరుగురిలో ఒకడు. బీహారు 10 కోట్ల 41 లక్షలు. పాట్నా 20 లక్షలు, ఏబదిమందిలో ఒకడు. తీసివేయగా మహారాష్ట్రమున 9 కోట్ల 40 లక్షలును, బీహారున 10 కోట్ల 20 లక్షలును మిగులును. రెండవ స్థానము బీహారుది యగును. తమిళనాడు చెన్నపట్టణమును వదలి 6 కోట్ల 35 లక్షలకు దిగగా, జయపురమును వదలిన రాజస్థానము 6 కోట్ల 55 లక్షలతో దానిని మించును. బెంగుళూరు లేని కర్ణాటకమును అహమ్మదాబాదు లేని గుజరాతు దాటిపోవును. ఉత్తరప్రదేశము మాట వేరు. కాన్పూరు, లక్నో, ఘాజియాబాదు మూడును తీసివేసినను 19 కోట్లు దిగదు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. నగరమనగా ఎంతవరకు? కలకత్తా నగరపాలక సంస్థ హద్దులలోని జనము 45 లక్షలు. హుగ్లీనది ఇరుగట్టుల వెంబడి దానితో కలిసిపోయిన పట్టణములన్నిటిని చేర్చినచో కోటి 41 లక్షలు. ఏ గీత గీచిన ఆ లెక్క వచ్చును. గుజరాతునుండి అహమ్మదాబాదుతోపాటు సూరతును కూడ తీసినచో, అది తిరిగి కర్ణాటకము క్రిందికి దిగును. కావున ఈ వరుసలను చెప్పువాడు తాను గీచిన గీత యేదో ముందుగా చెప్పవలెను; చెప్పనివాని లెక్క నమ్మదగదు.

అంతకన్న పెద్ద చిక్కు మరియొకటి. తీసివేయబడిన ఆ జనులు ఎవరు? తెలంగాణమునుండి పద్మశాలీలు మగ్గమును నమ్ముకొని ముంబయి, భివండి, షోలాపురము, సూరతులకు తరలి అచ్చటనే స్థిరపడిరి. ముంబయిలోని కామాఠిపుర మను పేటకు ఆ పేరు తెలుగు కూలీలైన కామాటీలనుబట్టి వచ్చినదే. కాబట్టి మహారాష్ట్రమునుండి ముంబయిని తీసివేయునప్పుడు మన పల్లెల బిడ్డలును కొందరు ఆ తీసివేతలో పోవుదురు. కేరళమున ఈ లెక్కకు పట్టు దొరకదు. అచ్చట జనము ఒక్కచోట పోగుపడక తీరము వెంబడి ఊరును ఊరును ఒరసికొని యున్నది; కొచ్చిని తీసినను 3 కోట్ల 13 లక్షలు మిగులును.

మన యిండ్లకు వత్తము. తెలంగాణ జనము 3 కోట్ల 50 లక్షలు. అందు హైదరాబాదు పరిసరములతో సుమారు 77 లక్షలు, నూటికి ఇరువది ఇద్దరు. పై తీసివేత అంతటను జరిగినచో 2 కోట్ల 73 లక్షలు మిగిలి, పండ్రెండవ స్థానమున నున్న తెలంగాణము కేరళ, జార్ఖండ్, అస్సాములకు వెనుకబడి పదునైదవది యగును. ఆంధ్రప్రదేశము విశాఖపట్టణమును వదలినను 4 కోట్ల 78 లక్షలతో తన పదియవ స్థానముననే యుండును. ఆంధ్రులు 1953లో చెన్నపట్టణము లేకయు, 2014లో హైదరాబాదు లేకయు విడివడిన వారగుటచే, తీసివేయదగిన మహానగరము వారికి మిగులలేదు.

"పట్నము పల్లెలను మ్రింగినది" అని రచ్చబండలయొద్ద తరచుగా వినుచుందుము. లెక్క అట్లు చెప్పుట లేదు. 1951లో హైదరాబాదును విడిచి తెలంగాణమున సుమారు కోటిమంది యుండిరి. 2011లో 2 కోట్ల 73 లక్షలు. నగరమునకు వెలుపలి జనమును రెండున్నర రెట్లు దాటి పెరిగినది. ఐతే ఆ కాలముననే నగరము ఏడు రెట్లయ్యెను. శాసనసభా నియోజకవర్గములను 2001 లెక్కనుబట్టి తిరిగి విభజించి 2008లో అమలు పరచినప్పుడు మొత్తము స్థానములు 294గానే యుంచి హైదరాబాదు చుట్టుపట్ల స్థానములను పెంచిరి. అచ్చట పెరిగినన్ని మరియొకచోట తగ్గినవి. తగ్గినచోట జనము తరిగిపోలేదు, పట్నమంత వేగముగా పెరుగలేదు, అంతియే.