హంతకుడెవరికి కావాలి?

పక్కింటి గుట్టంటే చెవి కోసుకునేది ఆడవాళ్లేనని మనమీద ఒక అపవాదుంది. కుళాయి దగ్గర, పేరంటాల్లో, పెరటి గోడమీంచి మనం మాట్లాడుకునేవన్నీ చాడీలేనట. అవే మాటలు మగవాళ్లు కాఫీ హోటల్లో కూర్చుని మాట్లాడుకుంటే లోకాభిరామాయణం! ఈసారి మిమ్మల్నెవరైనా అలా దెప్పితే 1944 నాటి మద్రాసు కథ ఒకటి చెప్పండి. అక్కడ ఊరివాళ్ల గుట్టు అచ్చేసి అమ్మినవాడు మగవాడు. ఎగబడి కొన్నది మాత్రం ఆడా మగా తేడా లేకుండా ఊరంతా.

అతని పేరు సి.ఎన్. లక్ష్మీకాంతన్. వకీలు కావాలని కలలుగన్నాడు, కాలేకపోయాడు. ఫోర్జరీ కేసులో జైలుకు వెళ్లొచ్చాడు. 1943లో 'సినిమా తూదు' అని ఒక తమిళ పత్రిక మొదలుపెట్టాడు. ఏ నటుడు ఏ నటి ఇంట్లో కనిపించాడు, ఏ నిర్మాత ఎవరికి నగలు చేయించాడు, ఇవే అందులో వార్తలు. రాసినదాంట్లో నిజమెంతో, కల్పించినదెంతో చదివేవాళ్లకి అక్కర్లేదు. పైగా ఆ పత్రికకి రెండు రకాల రాబడి. వార్త వేస్తే కొనేవాళ్ల డబ్బు, వేయకుండా ఉంటే భయపడ్డవాళ్ల డబ్బు. నలుగురి ముందూ 'ఛీ, అదీ ఒక పత్రికేనా' అన్నవాళ్లే ఇంటికెళ్లి తలుపేసుకుని చదివేవారు. లేకపోతే అంత జోరుగా ఎలా అమ్ముడుపోతుంది?

అది యుద్ధకాలం. కాగితానికి కరువు. ప్రభుత్వ లైసెన్సు లేనిదే పత్రిక నడపడానికి వీల్లేదు. సినిమావాళ్లు దాన్నే పట్టుకున్నారు. ఆనాటి పెద్ద గాయకనటుడు ఎం.కె. త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్, కోయంబత్తూరు నిర్మాత ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు గవర్నర్ సర్ ఆర్థర్ హోప్‌కి అర్జీ పెట్టుకున్నారు. లైసెన్సు రద్దయింది. హమ్మయ్య అనుకునేలోగా లక్ష్మీకాంతన్ 'హిందూ నేశన్' అనే మరో పత్రికను చేజిక్కించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి సినిమావాళ్లతో ఆగలేదు. ఊళ్లోని డబ్బున్నవాళ్ల గుట్లు కూడా బజారున పడ్డాయి. శత్రువుల జాబితా ఎంత పెరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

1944 నవంబరు 8 ఉదయం. లక్ష్మీకాంతన్ వేపేరిలో తన వకీలును కలిసి రిక్షాలో ఇంటికి బయల్దేరాడు. మనిషి లాగే రిక్షా. దారిలో కొందరు అడ్డగించి కత్తితో పొడిచారు. పట్టపగలు, నడివీధిలో! జనరల్ ఆస్పత్రిలో చేర్చారు. మర్నాడు ప్రాణం పోయింది.

మామూలుగా అయితే నాలుగు రోజులు చెప్పుకుని మరిచిపోవలసిన వార్త. కాని డిసెంబరులో పోలీసులు భాగవతార్‌నీ, కృష్ణన్‌నీ, శ్రీరాములు నాయుడినీ అరెస్టు చేసేసరికి రాష్ట్రం రాష్ట్రమంతా అట్టుడికిపోయింది. భాగవతార్ అంటే ఏమనుకున్నారు? భుజాల మీద పడే జుట్టు, పట్టు జుబ్బా, వేళ్లకి వజ్రాల ఉంగరాలు, నోరు విప్పితే గంధర్వగానం. ఆ జుట్టుని చూసి కుర్రకారంతా 'భాగవతార్ క్రాఫు' పెంచారు. ఆ దీపావళికే ఆయన 'హరిదాస్' విడుదలై మద్రాసు బ్రాడ్వే థియేటర్లో కిటకిటలాడుతోంది. కృష్ణన్, ఆయన భార్య టి.ఎ. మధురం కూడా అందులో ఉన్నారు. ఆ జంట తెరమీదికొస్తే చాలు, హాలంతా నవ్వులే.

రాసినవాడు చచ్చిపోయినా గుట్టుమాటల మీద మోజు మాత్రం చావలేదు. నిన్నటిదాకా పత్రికలో వెతుక్కున్నది ఇప్పుడు హైకోర్టు వరండాలో దొరుకుతోంది. భాగవతార్‌ని ఒక్కసారి చూస్తే చాలని జనం విరగబడ్డారు. సినిమా తారని చూడ్డానికి వచ్చినవాళ్లెవరో, హత్యకేసు వినడానికి వచ్చినవాళ్లెవరో చెప్పడం కష్టం.

డబ్బిచ్చి చంపించారన్నది నేరారోపణ. 1945లో జడ్జి మాకెట్ ఎదుట, తొమ్మిదిమంది జ్యూరీ సమక్షంలో విచారణ జరిగింది. శ్రీరాములు నాయుడు నిర్దోషిగా బయటపడ్డాడు. ఈయనెవరో మన తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. 1954లో రామారావు, భానుమతులతో 'అగ్గిరాముడు' తీసినాయనే. మిగతా ఇద్దరికీ యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది. హైకోర్టు అప్పీలు కొట్టేసింది. వాళ్లు జైల్లో ఉన్నారు. 'హరిదాస్' మాత్రం బ్రాడ్వేలో ఆడుతూనే ఉంది. 1944 దీపావళి, 1945 దీపావళి, 1946 దీపావళి, మూడు పండగలు చూసింది! హంతకులని చట్టం తేల్చినవాళ్ల పాటకి, హాస్యానికి జనం టిక్కెట్లు కొంటూనే ఉన్నారు. వాళ్లని నిర్దోషులని నమ్మి వెళ్లారా, లేక హంతకుడు పాడితే ఎలా ఉంటుందో చూద్దామని వెళ్లారా? రెండు రకాలవాళ్లూ ఉండే ఉంటారు. ఒకే మనిషిలో ఆ రెండూ ఉండి ఉన్నా నేను ఆశ్చర్యపోను.

ఈ సందడిలో సరిగ్గా తలుచుకోవలసిన మనిషి మధురం. భర్త జైల్లో ఉంటే ఏడుస్తూ మూల కూర్చోలేదావిడ. ఆయన నాటక సంస్థని నడిపించింది. ఎస్.వి. సహస్రనామం లాంటివాళ్లు అండగా నిలిచారు. వకీళ్ల ఖర్చు మాటలా మరి? ఆ సంస్థ నాటకం 'పైత్తియక్కారన్' సినిమాగా తీశారు. అది 1947లో వచ్చింది. రోజూ నవ్వించడం వృత్తిగా ఉన్న ఆడది ఆ రెండేళ్లూ ఎలా నవ్వించిందో! కేసు గురించి రాసినవాళ్లు కత్తి ఎంత పొడుగో రాశారు గాని, ఈ సంగతికి రెండు వాక్యాలు కూడా కేటాయించరు.

కేసు లండనులోని ప్రీవీ కౌన్సిలుకి వెళ్లింది. తిరిగి విచారించమని అక్కణ్ణుంచి హైకోర్టుకే వచ్చింది. ఈసారి వాదించింది వి.ఎల్. ఎతిరాజ్. ఆ మర్నాటి సంవత్సరమే, అంటే 1948లో, మద్రాసులో ఆడపిల్లల కోసం కాలేజీ పెట్టిన ఎతిరాజే. 1947 ఏప్రిల్లో నటులిద్దరూ నిర్దోషులని హైకోర్టు విడుదల చేసింది.

కోర్టు విడిచిపెట్టింది గాని, కాలం ఇద్దర్నీ ఒకేలా చూడలేదు. కృష్ణన్ మళ్లీ నవ్వించాడు, చిత్రాలు తీశాడు, దర్శకత్వం వహించాడు. భాగవతార్ 1948లో మన భానుమతి కూడా నటించిన 'రాజముక్తి' తీస్తే ఆడలేదు. ఆ తరవాత తీసినవీ నిలబడలేదు. కేసు తెచ్చిన మచ్చే కారణమంటారు చాలామంది. అది కొంతే నిజం. అప్పటికి పాటల సినిమాలు పోయి మాటల సినిమాలు వచ్చేశాయి. కృష్ణన్ 1957లో, భాగవతార్ 1959లో పోయారు. ఇద్దరికీ యాభై ఏళ్లు నిండలేదు.

ఇంతకీ లక్ష్మీకాంతన్‌ని చంపించిందెవరు?

1947 ఏప్రిల్లో ఊరంతా అడగవలసిన ప్రశ్న ఇది. వీళ్లు కాదని తేలాక, మరి ఎవరన్నమాట తేలాలి కదా! తేలలేదు. తేల్చమని పట్టుబట్టినవాళ్లూ కనపడరు. భాగవతార్ చేశాడా లేదా అని మూడేళ్లు కొట్టుకు చచ్చిన జనం, ఆయన ఇంటికి వెళ్లగానే తామూ ఇళ్లకు వెళ్లిపోయారు. వాళ్లకి కావలసింది హంతకుడు కాదు, భాగవతార్. పేరులేని ఎవడో కిరాయి మనిషి, వాడి వెనక పేరున్న ఎవరో పెద్దమనిషి. వాళ్ల కథలో పాటల్లేవు, పట్టు జుబ్బాల్లేవు.

ఈనాటికీ ఈ కేసు గురించి వ్యాసాలొస్తూనే ఉన్నాయి, మనమూ చదువుతూనే ఉన్నాం. ప్రతి వ్యాసమూ భాగవతార్ వెండి తెర వైభవంతోనే మొదలవుతుంది. ఆ రిక్షాలో కూర్చున్న మనిషి మంచివాడు కాదు, నిజమే. చాలామంది ఉసురు పోసుకున్నాడు. అయినా ఒక మనిషిని పట్టపగలు చంపినందుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. ఆ జవాబు రాలేదు. అతని పత్రికని తలుపు చాటున చదివిన ఊరు, అతని చావుని కూడా అలాగే చదివి, మడిచి పక్కన పెట్టేసింది.