మధుర బస్సుల వారి కథ

మధుర తెలుగువారికి కొత్త ఊరు కాదు. నాయకరాజుల నాటినుండి మనవారు అక్కడ కాపురముంటున్నారు. తిరుమల నాయకుని మహలు గురించి ఏటా ఉగాదికి ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉంటారు గనుక, నేను ఆ ఊరి బస్సుల సంగతి వ్రాయబూనుకొన్నాను.

టి.వి. సుందరం అయ్యంగారు 1877లో తిరునల్వేలి సీమలోని తిరుక్కురుంగుడిలో జన్మించారు. తండ్రి కోరికపై వకీలు వృత్తి, పిమ్మట రైల్వేలో ఉద్యోగం, ఆ తరువాత బ్యాంకులో ఉద్యోగం, అన్నీ వదలుకొన్నారు. రైల్వే గుమాస్తానైన నాకు ఇది సామాన్యమైన విషయంగా తోచదు. ఒకటవ తేదీ జీతం కాదనుకోవడం ఎంత కష్టమో మా ఇంట్లో అడిగితే చెబుతారు. 1911లో ఆయన కంపెనీ పెట్టారు. 1912లో మధురలో బస్సు నడిపారు. కంపెనీ పేరులోనే 'అండ్ సన్స్' అని కుమారులను కూడా చేర్చారు. కుమార్తె సౌందరం గారు మాత్రం డాక్టరీ చదివి, దిండిగల్లు దగ్గర 1947లో గాంధీగ్రామం నెలకొల్పినవారిలో ఒకరై వేరే దారిన కీర్తి గడించారు.

ఆ రోజులలో బస్సంటే ఇంజను, చక్రాలు, ఇనుప చట్రం మాత్రమే ఓడలో దిగేవి. పైన కూర్చునే పెట్టె అంతా ఇక్కడి వడ్రంగులు, కమ్మరులు కొయ్యతోనూ రేకుతోనూ కట్టవలసినదే. రోడ్లా, ఎడ్లబండ్లవి. ఎద్దుల కాళ్ల లాడాల మేకులు ఊడి టైర్లలో దిగేవి. అందుకని అయ్యంగారు ఒక బండికి అయస్కాంతం కట్టించి, ఆ మేకులను ఏరించేవారని మధురలో పెద్దలు చెప్పుకొంటారు. వారి బస్సును చూసి జనం గడియారం దిద్దుకొనేవారట! మా రైళ్ల గురించి ఆ మాట అనిపించుకోవాలని నాకూ ఉంది.

రెండవ ప్రపంచయుద్ధంలో పెట్రోలు కరువైనప్పుడు చాలామంది బండ్లను షెడ్లలో పెట్టి తాళం వేసుకొన్నారు. అయ్యంగారు మాత్రం పెట్రోలుకు బదులు గ్యాసుతో నడిచేటట్లు ఒక యంత్రం తయారుచేయించారు. దానికి టి.వి.ఎస్. గ్యాస్ ప్లాంటు అని పేరు. అరిగిన టైర్లకు మళ్లీ రబ్బరు వేసే కార్ఖానా కూడా పెట్టారు. బస్సు నడపడంకన్న దానిని ఆగకుండా చూడడమే వీరి అసలు వ్యాపారమని నాకనిపిస్తుంది.

1955లో ఆయన కొడైకెనాల్‌లో కాలధర్మం చెందారు. 1972లో వారి బస్సులను ప్రభుత్వం తీసుకొని పాండ్యన్ రోడ్వేస్ క్రింద నడిపింది. అరవై ఏళ్లుగా పెంచిన బస్సులు చేయిదాటినా కుటుంబం దెబ్బతినలేదు. అప్పటికే బ్రేకులు, చక్రాలు, బోల్టులు చేసే కార్ఖానాలు వెలసియున్నవి. 2022లో వారసుల శాఖలు వేటికవి వేరుపడినవి.

ఇక మన హోసూరులో ఆ ఇంటివారే 1980లో టి.వి.ఎస్. 50 మోపెడు తెచ్చారు. మా నాన్నగారు కొన్నది ఇంకా మా వసారాలో ఉన్నది. రంగు పోయినది గాని, పెడలు నాలుగు చుట్లు తొక్కితే ఇప్పటికీ పలుకుతుంది.