డబ్బా టమాటా, కూరగాయల రసం: మారుతూ వచ్చిన కొలమానం

డబ్బా టమాటాలో బలం ఎక్కువా, కూరగాయల రసంలోనా? ఈ రెండు వందల ఏళ్లలో ఒక్కో తరం ఒక్కో కొలతతో దీనికి జవాబు వెతికింది.

మొదటి తరానికి కావలసింది సరుకు చెడకపోవడమే. ఫ్రాన్స్‌లో నికొలా అపేర్ ఆహారాన్ని గాజు సీసాల్లో నింపి, బిరడా బిగించి, నీళ్లలో మరిగించే పద్ధతిని 1810లో పుస్తకంగా తెచ్చాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో పీటర్ డ్యూరాండ్ రేకు డబ్బాకు పేటెంటు పొందాడు. 1847లో అమెరికాలోని ఈస్టన్‌లో హారిసన్ క్రాస్బీ చిన్న రేకు బకెట్లకు మూతలు అతికించి, మూతలోని రంధ్రం గుండా టమాటాలు నింపి నిల్వ చేశాడు. పులుపున్న పండు కాబట్టి మరిగే నీటి వేడే సరిపోయింది.

తర్వాతి కొలత విటమిన్. 1918 నాటికి న్యూయార్క్‌లో డాక్టర్ ఆల్ఫ్రెడ్ హెస్, కాచిన పాలు తాగే పసిపిల్లలకు సి విటమిన్ లోపం వల్ల వచ్చే స్కర్వీ జబ్బును డబ్బా టమాటా అడ్డుకుంటుందని చూపాడు. నారింజ కొనలేని ఇళ్లకు అది పెద్ద ఊరట. పులుపు ఉండటం, డబ్బాలో గాలి తక్కువ కావడం వల్లే వండినా సి విటమిన్ చాలావరకు నిలిచింది.

రసం చరిత్ర కూడా నారింజ కొరతతోనే మొదలైందని చెబుతారు. 1917లో ఇండియానాలోని ఫ్రెంచ్ లిక్ హోటల్‌లో వంటమాస్టర్ లూయీ పెరాన్ నారింజ రసానికి బదులు టమాటా రసం వడ్డించాడు. అయితే సీసాలో పోస్తే గుజ్జు అడుక్కి దిగి నీరు పైకి తేలేది. 1920ల చివర్లో అదే రాష్ట్రానికి చెందిన కెంప్ కుటుంబం ఐస్‌క్రీమ్ పరిశ్రమ యంత్రంతో గుజ్జును సన్నగా చిదిపి ఆ చిక్కు విప్పింది. 1933లో పీకాక్ అనే వ్యాపారి ఎనిమిది కూరగాయలతో ఒక రసం తయారుచేశాడు. అదే తర్వాత వి8. 1948లో క్యాంప్‌బెల్ కంపెనీ దాన్ని కొన్నది. ఎనిమిది పేర్లున్నా అందులో సింహభాగం టమాటాదే.

1990లలో చూపు లైకోపీన్ మీదికి మళ్లింది. ఉడికించి, కాస్త నూనె కలిపితే ఈ ఎర్ర పదార్థం ఒంటికి బాగా పడుతుందని 1992లో జర్మన్ పరిశోధకులు స్టాల్, సీస్ చూపారు. 2002లో కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు టమాటాను 88 డిగ్రీల వేడిలో అరగంట ఉంచితే సి విటమిన్ 29 శాతం తగ్గింది, అందుబాటులోకి వచ్చే లైకోపీన్ మాత్రం రెండింతలు దాటింది. నూనెలో టమాటా మగ్గబెట్టే మన పచ్చడికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఈ కొలతల్లో డబ్బా, రసం దాదాపు సమ ఉజ్జీలు. తేడా తేలేది పీచులోనూ ఉప్పులోనూ. డబ్బాలో పండు గుజ్జుతో సహా ఉంటుంది. రసం వడకట్టేటప్పుడు పీచులో కొంత పోతుంది. మామూలు వి8 ఒక కప్పులో సుమారు 640 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ పెట్టిన హద్దు 2,000 మిల్లీగ్రాములు. రెండు కప్పులు తాగితే అందులో సగానికి పైగా అయిపోయినట్టే. డబ్బాల్లోనూ ఉప్పు కలిపినవి ఉన్నాయి.

అందుకే నా ఓటు ఉప్పు కలపని డబ్బా టమాటాకి. కూరగాయలు అందని రోజున తక్కువ సోడియం రసం మేలే చేస్తుంది. రోజూ కూరకు బదులుగా దాన్ని తాగడం మాత్రం పొరపాటు.