సీక్వెన్సరు - టేపు రికార్డరు సమకాలీకరణ

సీక్వెన్సరు - టేపు రికార్డరు సమకాలీకరణ అనగా సంగీత సీక్వెన్సరు నడకను మల్టీట్రాక్ టేపు రికార్డరు నడకతో కలిపి ఉంచే విధానం. టేపుపై ఒక ట్రాకులో ముందుగా ఒక సంకేతాన్ని నమోదు చేస్తారు. టేపు తిరుగుతున్నపుడు ఆ సంకేతాన్ని అనుసరించి సీక్వెన్సరు నడుస్తుంది. దీనిని వాడుకలో "సింక్" అంటారు. 1980, 1990 దశకాలలో పెద్ద స్టూడియోలలోను, ఇంటి స్టూడియోలలోను ఈ పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉండేది.

అవసరం

సీక్వెన్సరులో ధ్వని ఉండదు. ఏ స్వరం ఎప్పుడు, ఎంత బలంగా, ఎంతసేపు పలకాలి అనే ఆదేశాలు మాత్రమే ఉంటాయి. వాటిని అందుకొని సింథసైజరు, డ్రమ్ మెషీను వంటివి ధ్వనిని పుట్టిస్తాయి. గాత్రం, వయొలిన్ వంటివి మైకు ద్వారా టేపుపైకి చేరతాయి.

ఈ రెండు యంత్రాలను ఒకేసారి మొదలుపెట్టినా అవి ఎక్కువసేపు కలిసి నడవవు. టేపు వేగంలో 0.1 శాతం తేడా ఉన్నా 4 నిమిషాల పాట ముగిసేసరికి 0.24 సెకను ఎడం ఏర్పడుతుంది. నిమిషానికి 120 బీట్లు ఉన్న పాటలో ఇది దాదాపు సగం బీటుకు సమానం.

సమకాలీకరణ వలన మరొక ప్రయోజనం ఉంది. నాలుగు ట్రాకుల రికార్డరులో ఒక ట్రాకును సంకేతానికి కేటాయిస్తే గాత్రానికి, ఇతర వాద్యాలకు మూడు మిగులుతాయి. సీక్వెన్సరు వాయించే వాద్యాలను టేపుపైకి ఎక్కించనవసరం లేదు. అవి తుది మిశ్రమం సమయంలో నేరుగా పలుకుతాయి. కనుక వాటికి టేపు రొద అంటదు, చివరి వరకు వాటి స్వరాలను మార్చుకోవచ్చు.

టేపుదే ఆధిపత్యం

సాధారణంగా టేపు రికార్డరు నాయక యంత్రంగా, సీక్వెన్సరు అనుచర యంత్రంగా పనిచేస్తాయి. బరువైన రీళ్ళ వేగాన్ని క్షణంలో మార్చడం కష్టం. సీక్వెన్సరు చేసేది లెక్క మాత్రమే కనుక అది టేపు వేగంలోని హెచ్చుతగ్గులను సులభంగా అనుసరించగలదు.

చరిత్ర

1967లో లండనులోని ఈ.ఎమ్.ఐ. స్టూడియోలో (నేటి అబీ రోడ్ స్టూడియో) బీటిల్స్ బృందం పాట "ఎ డే ఇన్ ది లైఫ్" కొరకు ఇంజినీరు కెన్ టౌన్సెండ్ రెండు టేపు రికార్డర్లను కలిపి నడిపించాడు. ఒక టేపుపై నమోదు చేసిన 50 హెర్ట్జ్ ధ్వనితో రెండవ యంత్రం మోటారును నడపడం ఆయన పద్ధతి. 1960వ దశకం చివరలో వీడియో టేపుల కూర్పు కోసం టైమ్‌కోడ్ రూపొందింది. 1979లో టాస్కామ్ సంస్థ నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు పోర్టాస్టూడియోను విడుదల చేసింది. 1983లో మిడి ప్రమాణం వెలువడింది. దీనితో సమకాలీకరణ ఇంటి స్టూడియోలకు కూడా అందుబాటులోకి వచ్చింది.

పద్ధతులు

ఎఫ్.ఎస్.కె.: మిడి క్లాకు ఒక్కో బీటుకు (క్వార్టర్ నోటుకు) 24 స్పందనలను పంపుతుంది. వీటిని రెండు పౌనఃపున్యాల మధ్య మారే ధ్వనిగా మార్చి టేపుపై నమోదు చేస్తారు. ఇందులో వేగం మాత్రమే తెలుస్తుంది, స్థానం తెలియదు. కనుక పాట మధ్యలో ఒక మాట సరిదిద్దాలన్నా టేపును మొదటికి తిప్పాలి.

స్మార్ట్ ఎఫ్.ఎస్.కె.: ఇందులో స్పందనలతో పాటు పాటలోని స్థానం కూడా ఉంటుంది. టేపును ఎక్కడ మొదలుపెట్టినా సీక్వెన్సరు ఆ చోటికి చేరుకుంటుంది. కాని పై రెండు పద్ధతులలోను పాట వేగం టేపుపైనే స్థిరపడిపోతుంది. తరువాత వేగం మార్చాలంటే సంకేతాన్ని మళ్ళీ నమోదు చేయాలి.

ఎస్.ఎమ్.పి.టి.ఈ. టైమ్‌కోడ్: ఇది బీట్లను కాక గంట, నిమిషం, సెకను, ఫ్రేములను తెలుపుతుంది. ఒక్కో ఫ్రేముకు 80 బిట్లు ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేములు సినిమాకు, 25 ఫ్రేములు పాల్ టెలివిజనుకు, 29.97 ఫ్రేములు ఎన్.టి.ఎస్.సి. వర్ణ టెలివిజనుకు సంబంధించినవి. టేపు మీది కోడ్‌ను ఒక పరికరం మిడి టైమ్‌కోడ్‌గా మార్చి సీక్వెన్సరుకు అందిస్తుంది. ఏ క్షణానికి ఏ బీటు రావాలో సీక్వెన్సరే లెక్కిస్తుంది. అందువలన గాత్రం నమోదు కాక ముందు పాట వేగాన్ని టేపును ముట్టకుండానే మార్చవచ్చు.

జాగ్రత్తలు

* పాట నమోదుకు ముందే టేపు అంతటా సంకేతాన్ని ఎక్కించాలి. దీనిని "స్ట్రైపింగ్" అంటారు.
* సంకేతాన్ని అంచున ఉన్న ట్రాకులో ఉంచాలి. వీలైతే పక్క ట్రాకును ఖాళీగా వదలాలి. లేకపోతే సంకేతం గాత్రంలోకి, గాత్రం సంకేతంలోకి చొరబడవచ్చు.
* ఆ ట్రాకుకు డీబీఎక్స్, డాల్బీ వంటి రొద తగ్గింపు సౌకర్యాలను వాడరాదు. అవి సంకేతం రూపాన్ని చెడగొడతాయి.
* పాటకు కొన్ని సెకనుల ముందు నుండే సంకేతం ఉండాలి. సీక్వెన్సరు దానిని పట్టుకోవడానికి కొంత వ్యవధి కావాలి.
* సంకేతాన్ని మరో టేపుకు నేరుగా నకలు చేయక, పరికరం ద్వారా పునరుత్పత్తి చేయాలి.

పొరపాటున సంకేతం చెరిగిపోతే టేపుపై గాత్రం భద్రంగానే ఉన్నా దానికి సీక్వెన్సరుతో ఉన్న సంబంధం తెగిపోతుంది. టైమ్‌కోడ్‌లో కొంత భాగమే చెరిగితే, మిగిలిన భాగం నుండి లెక్కను కొనసాగించి దానిని మళ్ళీ నింపవచ్చు.

తరువాతి పరిణామాలు

1990వ దశకంలో అలెసిస్ ఎడాట్ వంటి డిజిటల్ టేపు రికార్డర్లు వచ్చాక సంకేతానికి ట్రాకును కేటాయించే అవసరం తగ్గింది. అటు తరువాత ధ్వని, మిడి రెండూ ఒకే కంప్యూటరు సాఫ్ట్‌వేరులో చేరడంతో ఈ సమస్య చాలావరకు తొలగిపోయింది. నేటికీ అనలాగ్ టేపు వాడే స్టూడియోలలో, పాత టేపులను కంప్యూటరుతో కలిపి నడపవలసి వచ్చినపుడు టైమ్‌కోడ్ ఉపయోగపడుతున్నది.

ఇవి కూడా చూడండి

* మిడి
* సింథసైజరు
* టేపు రికార్డరు