జర్మనీ చెత్తకి చట్టం ఎలా వచ్చింది

ఎచ్చెర్ల నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మా బావమరిదిది ఒకటే మాట: "బావా, ఆ జర్మనీవోలకి శుభ్రత పుట్టుకతోనే వచ్చీసినాది, మనకి ఎన్నటికీ రాదు." నేను ఒప్పుకోను. వీళ్లకి శుభ్రత రోగభయంతో వచ్చింది, డబ్బు లెక్కతో వచ్చింది, కోర్టు గొడవలతో వచ్చింది.

నేనుండే హాంబుర్గ్ సంగతే చూడండి. 1892లో ఇక్కడ కలరా పడింది. ఎల్బే నది నీళ్లని వడగట్టకుండానే కుళాయిల్లోకి వదిలేవారు. కొన్ని వారాల్లో ఎనిమిదిన్నర వేలమందికి పైగా పోయారు. ఆనుకునే ఉన్న ఆల్టోనా పట్టణం హాంబుర్గ్ మురుగు కలిసిన దిగువ నీటినే ఇసుకలో వడగట్టి వాడుకునేది. అక్కడ చావులు చాలా తక్కువ. అంతవరకూ ఊరి చెత్తని చుట్టుపక్కల రైతులు ఎరువుకి తోలుకుపోయేవారు, మన పెంటలాగే. కలరా తర్వాత అది మా పొలిమేరలోకి రాకూడదని అడ్డం తిరిగారు. పోసే చోటు లేక నగరం చెత్త కాల్చే కొలిమి కట్టుకుంది. 1896లో బుల్లర్‌డైష్‌లో రాజుకున్న ఆ కొలిమి జర్మనీలోనే మొదటిది.

దేశమంతటికీ చట్టం రావడానికి మాత్రం 1972 దాకా పట్టింది. అప్పటివరకూ పశ్చిమ జర్మనీలో ఊరికో గొయ్యి. వాటిని మూయడం మొదలెట్టాక చెత్త ఎటు పోవాలి? కొంత సరిహద్దు దాటింది. డబ్బుకి కటకటగా ఉన్న తూర్పు జర్మనీ ల్యూబెక్ పక్కన షోన్‌బెర్గ్‌లో పెద్ద డంపింగ్ యార్డు తెరిచి, పశ్చిమం చెత్తని రొక్కం పుచ్చుకుని పోయించుకుంది. అదే తూర్పు జర్మనీలో బడి పిల్లలు ఇంటింటికీ తిరిగి సీసాలు, పాత కాగితాలు పోగేసి 'సెరో' అనే ప్రభుత్వ కేంద్రాల్లో అమ్మేవారు. తమ కాగితం ముక్క పారేయరు, పక్కవాడి చెత్త మాత్రం దిగుమతి!

అసలు మలుపు 1991. పర్యావరణ మంత్రి క్లౌస్ ట్యోఫర్ హయాంలో ప్యాకింగ్ చేసి అమ్మినవాడే దాన్ని వెనక్కి తీసుకోవాలన్న ఉత్తర్వు వచ్చింది. కంపెనీలు కలిసి ఓ సంస్థ పెట్టి, చందాలు కట్టి, అట్టపెట్టెల మీద ఆకుపచ్చ చుక్క గుర్తు వేశాయి. ఆ ఖర్చు పెరుగు డబ్బా ధరలోనే కలిసి మా జేబులోంచే పోతుందనుకోండి. అయినా మునిసిపాలిటీ నెత్తిన పడలేదు. ఇంట్లో దేనికీ పనికిరాని చెత్త వేసే నల్ల డబ్బాకి సైజుని బట్టి రుసుం. ప్యాకింగ్‌కీ, కాగితానికీ విడిగా కట్టేదేం లేదు. అందుకే ఏరి వేస్తాం. మన ఆంధ్రప్రదేశ్‌లో 2021లో పెట్టి 2024లో ఎత్తేసిన చెత్త పన్నులో ఎంత వేస్తే అంతన్న ఈ లెక్క లేదు. జనం దాన్ని తిట్టుకోవడంలో వింతేముంది?

2003 జనవరి 1 నుంచి కూల్‌డ్రింక్, బీరు క్యాన్ల మీద, ఒకసారి వాడి పారేసే సీసాల మీద కనీసం 25 సెంట్ల డిపాజిట్ పెట్టారు. ఖాళీది తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కొస్తుంది. కంపెనీలు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లినా ఆపలేకపోయాయి. ఇప్పుడు స్టేషన్లలో ఖాళీ సీసాని చాలామంది బుట్టలో వేయరు, పక్కన నిలబెడతారు. పింఛను చాలని ముసలివాళ్లు టార్చిలైటు వేసుకుని బుట్టలు వెతుకుతుంటారు; వాళ్లకి అందాలనే అలా పక్కన పెట్టడం. ఇంత సంపన్న దేశంలో ఇది నాకు మింగుడుపడదు.

యూరప్ అంతా ఇలాగే ఉంటుందనుకోకండి. చెత్త మీద ఉమ్మడి చట్టం 1975లోనే వచ్చినా గ్రీసు దేశపు క్రీట్ దీవిలో కురుపిటోస్ లోయనిండా చెత్త పోస్తూనే ఉండేవారు. యూరప్ న్యాయస్థానం ఓసారి తీర్పు చెబితే వినలేదు. 2000 జులైలో రోజుకి 20,000 యూరోల జరిమానా వేసింది. ఒక సభ్యదేశానికి అలా వేయడం అదే మొదలు. మరుసటి ఏడాదికల్లా ఆ లోయలో పోయడం ఆగిపోయింది.