ఆ బిడ్డ బడి పుట్టుపూర్వోత్తరములు

జూన్ మాసము సమీపించినదనగా ఏలూరు, తాడేపల్లిగూడెములలోని శిశువిద్యాలయముల వాకిండ్లు తల్లిదండ్రులతో నిండును. కొల్లేటి లంకలనుండియు, కైకలూరు, ఆకివీడు చెంతనున్న చేపలచెరువుల గ్రామములనుండియు బిడ్డలను చంకనెత్తుకొని వత్తురు. వారిలో ఒక తల్లి తక్కినవారికి వెనుకగా నిలుచుండును. ఆమె నాలుగేండ్ల కుమారుడు పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడడు. రైలుబండి పోవుచున్నప్పుడు పెట్టెలను మాత్రము ఒక్కటియు తప్పకుండ లెక్కించును. వానికి ఆటిజము, అనగా స్వలీనత, కలదని వైద్యులు చెప్పియున్నారు. నలుగురు పిల్లలు చదువుకొను బడిలో వీనిని చేర్పవచ్చునా? చేర్చినచో ఏ బడిలో? ఇట్టి తల్లులకు తఱచుగ లభించు సమాధానము, "మా బడి ఇటువంటి పిల్లల కొఱకు కాదమ్మా" అనునది. ఈ మాట ఎంతవఱకు సత్యమో చరిత్రను అడిగి చూడవలెనని మాకు తోచినది.

కిండర్ గార్టెన్, అనగా పిల్లల తోట, అను పేరును 1840లో జర్మనీ దేశీయుడగు ఫ్రోబెల్ పెట్టెను. కాని నేడు మన శిశువిద్యాలయములలో కనబడు సామగ్రిలో పెద్దభాగమునకు, అనగా గరుకు కాగితపు అక్షరములు, బొడిపెలుగల కొయ్యముక్కలు, గుండీలు పెట్టుట నేర్పెడి చట్రములు మొదలగువానికి, వంశవృక్షము వేఱు. 1800 సంవత్సరమున ఫ్రాన్సు దేశపు ఆవెరోన్ అడవులలో తిరుగుచుండిన, మాటలు రాని బాలుడొకడు పట్టుపడెను. వానికి పండ్రెండేండ్లుండునని అంచనా. ఇటార్ అను యువవైద్యుడు వానికి విక్టర్ అని పేరిడి, పారిస్ నగరమున సుమారు అయిదేండ్లు చదువు చెప్పబూనెను. వాని ప్రవర్తననుగూర్చిన వ్రాతలు చదివి, అది ఆటిజమే కావచ్చునని నేటి పండితులు కొందఱు ఊహించుచున్నారు. ఊహకు రూఢి లేదు. విక్టర్‌కు మాటలు రాలేదుగాని, వానికొఱకు ఇటార్ కల్పించిన చూచి, తాకి నేర్చుకొను పద్ధతి మాత్రము నిలిచినది. ఆయన శిష్యుడు సెగ్విన్ ఆ పద్ధతిని పెంచి, బుద్ధిమాంద్యముగల పిల్లలకు పాఠశాల నడపెను. ఇటలీలో మరియా మాంటిసోరి అను వైద్యురాలు వీరిరువురి గ్రంథములను స్వహస్తముతో తన భాషలోనికి వ్రాసికొని, రోము నగరమున అట్టి పిల్లలకే మొదట బోధించి, ఆ ఫలితములు చూచిన పిదపనే 1907లో సామాన్య శిశువులకు తన మొదటి బాలగృహమును తెఱచినది.

ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి, యుద్ధకారణమున 1946 వఱకు ఈ దేశమందే యుండి, ఉపాధ్యాయులకు తరిఫీదు నిచ్చెను. మన ప్రాంతమునకు మిక్కిలి చేరువనున్న విజయవాడలో 1955లో వేగె కోటేశ్వరమ్మగారు ఆమె పేర బడి నెలకొల్పిరి. పిమ్మట కోస్తా పట్టణములలో ఆ పేరు పెట్టుకొనని వీధి అరుదైనది. ఇన్ని బడుల పలకమీద ఆ పేరుండియు, ఆ పద్ధతి ఎవరికొఱకు పుట్టినదో ఆ బిడ్డకే చోటు లేదనుట, ఇల్లు కట్టినవానిని గుమ్మము వెలుపల నిలువబెట్టినట్లున్నది.

ఆటిజమునకు నేటి అర్థము 1943లో వచ్చినది. అమెరికాలో బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలనుగూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. వారిలో మొదటివాడు మిసిసిపీ రాష్ట్రమున ఫారెస్ట్ అను చిన్నయూరి బాలుడు, డోనాల్డ్ ట్రిప్లెట్. వాని కథ మన తల్లిదండ్రులు తప్పక వినదగినది. నాలుగేండ్లయిన నిండకమునుపే, వైద్యుల సలహామీద, వానిని ఇంటికి దూరముగ ఒక సంస్థలో ఉంచిరి. అచ్చట వాడు దిగాలుపడి కూర్చుండెడివాడు. ఏడాది తిరుగగనే తల్లిదండ్రులు పట్టుబట్టి తెచ్చుకొనిరి. 1942లో సమీపమందలి ఒక వ్యవసాయ దంపతుల యింట ఉంచిరి. ఆ రైతు వైద్యుడు కాడు. పిల్లవానికి కొలతల పిచ్చి గలదని కనిపెట్టి, బావి త్రవ్వించుచు దాని లోతు కొలువుమనెను. లెక్కించు పిచ్చి గలదని చూచి, మొక్కజొన్న సాళ్లు లెక్కించుచు దున్నుమనెను. వాడు సాళ్లు లెక్కించెను, దుక్కియు సాగెను. ఆ పల్లెబడిలో వాని వింతచేష్టలను ఎవరును తప్పుపట్టలేదనియు, వాడు చదువులో చక్కగ ముందునకు సాగెననియు కానర్ స్వయముగ చూచి వ్రాసెను. డోనాల్డ్ 1958లో కళాశాల పట్టము పొంది, తన యూరి బ్యాంకిలో ఉద్యోగము చేసి, దేశదేశములు తిరిగి, 2023లో ఎనుబదితొమ్మిదవయేట కన్నుమూసెను.

1971లో కానర్ ఆ పదునొకండుగురిని మరల విచారించెను. పెద్ద ఆస్పత్రులలో విడువబడినవారు తొలుత కనబఱచిన తెలివితేటలనుకూడ పోగొట్టుకొనిరని విచారముతో తెలిపెను. రెండు దారులును ఒకే వ్యాసమునందలి పిల్లలవే గనుక ఈ సాక్ష్యము మాకు మిక్కిలి బలముగ తోచుచున్నది.

నడుమ ఒక చీకటికాలము గడచినది. తల్లి మనసు చల్లబడుటచేతనే బిడ్డకీ స్థితి కలుగునను వాదము 1950, 60 ప్రాంతమున పాశ్చాత్యదేశములలో ప్రబలెను. అట్టి బిడ్డకు తండ్రియైన రిమ్లాండ్ 1964లో గ్రంథము వ్రాసి దానిని ఖండించెను. మన యూళ్లలో ఆ నింద పూర్తిగ పోలేదు. గ్రహణమునాడు బయటికి వచ్చినదనియో, పనిలోబడి బిడ్డతో మాటలాడలేదనియో కోడలినే అందురు.

మన దేశమున సంగతులు ఆలస్యముగ నడచినవి. వీలైనంతవఱకు వికలాంగులైన పిల్లలను సాధారణ పాఠశాలలలోనే చదివింపవలెనని కొఠారీ సంఘము 1966లో చెప్పెను. 1974లో అందులకొక పథకము వచ్చినది. 1984లో సికిందరాబాదున బుద్ధిమాంద్యుల జాతీయసంస్థ వెలసినది. అయినను 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజము పేరే లేదు! 1999 నాటి జాతీయ న్యాసచట్టములో చేరినది. 2016 నాటి చట్టమున ఇరువదియొక్క వైకల్యములలో ఒకటిగ నిలిచినది. ప్రభుత్వ సహాయమో గుర్తింపో గల విద్యాసంస్థలు ఇట్టి పిల్లలను వివక్షలేక చేర్చుకొనవలెనని ఆ చట్టము శాసించుచున్నది. ఉచితవిద్యకు హక్కు మాత్రము ఆరవయేటనుండియే. నాలుగు, అయిదు ఏండ్ల బిడ్డ విషయమున తల్లిదండ్రుల వెదకులాట తప్పదు.

ఇక కొల్లేటి సీమ విషయము. ఇక్కడ బడి యెన్నికలో ఇతరప్రాంతములవారికి తోచని ప్రశ్న ఒకటి గలదు: బడినుండి నీరెంత దూరము? ఆటిజముగల పిల్లలలో పలువురు చెప్పకుండ వెడలిపోవుదురు. నీటివైపునకు మొగ్గు చూపువారును కలరు. అట్లు తప్పిపోయిన పిల్లల మరణములకు నీట మునుగుటయే ముఖ్యకారణమని అమెరికా పరిశీలనలలో తేలినది. 2006లో ప్రభుత్వము అభయారణ్యపు హద్దులలోని చెరువుగట్లను త్రెంపించినను, ఈ సీమలో చేపలచెరువులకు కొదువలేదు. కొన్ని బడుల పెరటిగోడ దాటగనే గట్టు. అందుచేత ఇంగ్లీషు మాధ్యమమా, తెలుగా అని అడుగుటకు ముందు ప్రహరీగోడ ఎత్తు చూడవలెను. గేటుకు గడియ ఉన్నదా, ఆ గడియవద్ద మనిషి యున్నదా చూడవలెను.

మాధ్యమము ముచ్చటయు వచ్చినది గనుక ఒక మాట. రెండు భాషలు వినుట ఇట్టి బిడ్డకు హానియని పరిశోధనలలో తేలలేదు. కాని ఇంట "నీళ్లు" అన్న మాటకే తడుముకొను పిల్లవానికి పంతులమ్మ ఏ భాషలో "కూర్చో నాన్నా" అనునో అదియే ముఖ్యము.

పేరుమోసిన పెద్దబడికై ఉదయము ఆఱు గంటలకే బస్సెక్కించి, ఆ రొదలో గంటసేపు ప్రయాణము చేయించి ఏలూరు తెచ్చుట మాకు సమ్మతము కాదు. బస్సులోనే బిడ్డ ఓపిక అడుగంటును. తరగతికి ఇరువదిమందికి మించని చిన్నబడి ఊరిలోనో, పక్కయూరిలోనో ఉన్నచో అదియే మేలు. మండలకేంద్రములందలి భవిత కేంద్రములలో ప్రత్యేక శిక్షణగల ఉపాధ్యాయులుందురు. బడి చూచుటకు పోవునప్పుడు వారిలో ఒకరిని వెంట రమ్మని అడుగవచ్చును. బడిగంట ఇనుపరేకుమీద కొట్టుదురా, ప్రార్థన లౌడుస్పీకరులో జరుపుదురా, మరుగుదొడ్డి ఎక్కడ, మధ్యాహ్నము ఆ బిడ్డ ముట్టని కూర వడ్డించినచో ఏమి చేయుదురు, ఇవన్నియు అడుగవలసినవే. పంతులమ్మను మాత్రము ఒక్కటే ప్రశ్న అడుగుట చాలును: "వీడు రైలుపెట్టెలు లెక్కపెట్టును, మీరేమి చేయుదురు?" మాన్పింతుమను వారున్నారు. లెక్కలు అక్కడనుండియే మొదలుపెట్టుదమను వారును అక్కడక్కడ దొరకుదురు.

బడి కుదిరిన పిదప వేసవి సెలవులలోనే, పిల్లలెవ్వరును లేని వేళ, రెండుమూడు మారులు బిడ్డను అచ్చటికి తీసికొనిపోయి, వాడు కూర్చుండబోవు బల్ల, నీళ్లకుండ, గంట చూపింపవలెను. గేటు తాళముచెవి ఎవరివద్ద నుండునో ఆ మనిషికి బిడ్డ పేరు చెప్పి రావలెను.