మూసీ ఒడ్డు ఎవరిది?

హైదరాబాద్ చరిత్రను చార్మినార్‌తో మొదలుపెట్టడం అందరికీ అలవాటు. మేం మూసీతో మొదలుపెడతాం. 1591లో చార్మినార్ లేవడానికి పదమూడేళ్ల ముందే, 1578లో, గోల్కొండ వైపు నుంచి అవతలి ఒడ్డుకు పురానాపూల్ పడింది. ఆ వంతెన దాటాకే షహర్ పుట్టింది. అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఈ చిన్న నదే మా షహర్‌కు తల్లి.

ఆ తల్లికి ఒకసారి కోపమొచ్చింది. 1908 సెప్టెంబర్ 28 నాటి వరదలో దాదాపు పదిహేను వేల మంది పోయారంటారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారంటారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. వరద తర్వాత నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. అవి వరదనూ ఆపాయి, తాగునీళ్లూ ఇచ్చాయి. 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలు ఖాళీ చేయించింది. ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి లేచాయి. నిజాం కాలమంతా స్వర్గమని మేం అనం. అప్పుడూ కదిలింది పేదవాడే. కానీ అప్పటి పనిలో ముందు నీళ్లు, తర్వాత అందం.

1948 పోలీసు చర్య తర్వాత మాలో చాలామందికి కొలువులు పోయాయి. కొందరు పాకిస్తాన్ వెళ్లారు. 1970ల నుంచి చేతిపని తెలిసినవాళ్లు గల్ఫ్ దారి పట్టారు. ఎటూ పోలేనివాళ్లు, పల్లెల నుంచి బతకొచ్చినవాళ్లు మూసీ ఒడ్డున ఇళ్లేసుకున్నారు. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, పక్కనే శంకర్‌నగర్. పేర్లు రెండు, మురుగు వాసన ఒకటే.

ఆ మురుగు ఎక్కడిది? షహర్ మొత్తానిది. దానికి మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు తోడయ్యాయి. 1991 తర్వాత ప్రపంచ మార్కెట్ తలుపులు తెరిచారు. ఇక్కడి మందులు దేశదేశాలకూ పోతున్నాయి. మందు విమానమెక్కింది, మడ్డి మూసీలో మిగిలింది. జంట జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చారు. ఆ కట్టుబాట్లను ఎత్తేస్తూ 2022లో 69 జీవో ఇచ్చారు. ఎగువన ఫాంహౌసుల కన్ను పడిన భూమికి సడలింపు, దిగువన గుడిసెకు ఆక్రమణ అన్న పేరు. ఇదేం ఇన్సాఫ్?

2024లో మూసీని సుందరీకరిస్తామన్నారు. లండన్ థేమ్స్ పేరు చెప్పారు. అక్టోబర్‌లో మంత్రులు, అధికారులు సియోల్ వెళ్లి అక్కడి చోంగ్యేచోన్ వాగును చూసొచ్చారు. అంతకు ముందే సెప్టెంబర్‌లో మా గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బి-ఎక్స్' అని రాశారు. తర్వాత ఇళ్లు కూలడం మొదలైంది. డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చారు, నిజమే. కానీ ఇల్లంటే నాలుగు గోడలేనా? పిల్లల బడి, అమ్మీ మందులిచ్చే దవాఖానా, ఉద్దెర ఇచ్చే కిరాణాకొట్టు, మావాళ్లు పడుకున్న ఖబరస్తాన్, ఇవన్నీ ఏ ఫ్లాటులో ఇస్తారు?

టూరిజం పోస్టర్లలో మేం ఎప్పుడూ ఉంటాం. బిర్యానీగా ఉంటాం, అత్తరుగా ఉంటాం, లాడ్‌బజార్ గాజుగా ఉంటాం. ఫలక్‌నుమా 2010లో హోటలైంది. హైదరాబాద్ లక్క గాజుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. మరి పాతబస్తీ ఇరుకు గదుల్లో నిప్పుసెగ ముందు కూర్చుని లక్క సాగదీసే చేతికి, ఒక్కో రాయి అతికే ఆడపిల్ల కళ్లకు ఏ గుర్తింపు? బజారుకు నడిచిపోయేంత దూరంలో ఉంటేనే ఆ పని ఇంటికొస్తుంది. మనిషిని దూరంగా పంపేసి గాజును అద్దాల పెట్టెలో పెడితే అది సంస్కృతి కాదు, సరుకు. మా పహచాన్ చూడొచ్చేవాళ్ల కెమెరాలో లేదు, మేం బతికే మొహల్లాలో ఉంది.

మూసీ శుభ్రపడొద్దని మేం అనం. ఆ కంపు మధ్య పిల్లల్ని పెంచింది మేమే. మాకన్నా ఎవరికి కావాలి మంచి నీళ్లు? అయితే ముందు నాలాల మురుగు ఆపండి, ఫ్యాక్టరీల గొట్టాలు మూయండి, తర్వాత మా దర్వాజా తట్టండి. కదలక తప్పనివాళ్లకు పని అందే దూరంలో చోటు చూపండి.

1908లో ఆ చింతచెట్టు ఎవరి మతమూ అడగలేదు, పట్టా కాగితమూ అడగలేదు. రేపు మూసీ ఒడ్డున లేవబోయే కొత్త షహర్‌లో ఆ చెట్టు నీడంత జాగా అయినా మాకుంటుందా?